తొట్లకు వెలుగు వేళ

1

సొరంగం గేటు దగ్గర ఈ ఉదయం, బయటినుంచి లోపలికి దూరబోయిన ఒకణ్ణి చంపారు. మా అన్న మద్దిలేటి అక్కణ్ణుంచి నేరుగా నా తొట్ల దగ్గరికి వచ్చి, మోచేతుల దాకా అంటుకున్న నెత్తురు కడుక్కోవడానికి నీళ్ళలో చేతులు పెట్టబోయాడు. మణికట్టు పట్టుకుని ఆపాను.

"ఈడ కాదన్నా. మొక్కలుండాయి."

"మొక్కలా ఇవి?" అన్నాడు లోపలికి తొంగి చూసి.

అతనన్నదాంట్లో తప్పేం లేదు. హైడ్రిల్లా కాడలు దారాల్లా సాగిపోయి, ఆకులు ఎడమెడంగా, పాలిపోయి ఉన్నాయి. రిబ్బన్లలాంటి ఆకులుండే మొక్కకు కింది ఆకులన్నీ కుళ్ళి జావైపోయాయి. పక్క తొట్లో జిలేబీ చేపలు నీటి పైకి మూతులు పెట్టి గుటకలు వేస్తున్నాయి. అలా చేస్తున్నాయంటే నీళ్ళలో గాలి చాలడం లేదన్నమాట. మొక్కలు నీళ్ళకు గాలినిస్తాయి, చేపల మురికిని తిని బతుకుతాయి. ఆ రెండు రకాల తొట్ల మధ్య తిరిగే నీళ్ళ మీదే సొరంగంలోని మేమందరం బతుకుతున్నాం.

ఒకప్పుడు డ్యామ్ చూడ్డానికి వచ్చే జనం కోసం కట్టిన చేపల ప్రదర్శనశాల ఇది. బూడిద మబ్బు కమ్మి పైన పైర్లన్నీ పోయాక, పవర్‌హౌస్ సొరంగంలోకి పారిపోయి వచ్చిన మాకు ఈ గాజు తొట్లు, ఇంకా తిరుగుతున్న ఒక్క టర్బైన్ దొరికాయి. పైన ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశం చింతపండు పులుసు రంగులోనే ఉంటుంది. ఆ వెలుతురులో గడ్డి కూడా మొలవదు.

ఊదారంగు దీపాలు ముసలివైపోయాయి. ఏదో నర్సరీ నుంచి తెచ్చిన ఎల్‌ఈడీ పట్టీలవి. ఎర్ర గింజలు ఒక్కొక్కటే మాడిపోయి, నీలమే మిగిలింది. పైనుంచి చూస్తే వెలుగు ఉన్నట్టే ఉంటుంది. నా ఛాతీ లోతున్న తొట్టి అడుగుకు మాత్రం చేరడం లేదు. మొక్క వెలుగు కోసం పైకి పైకి సాగి, కింద చచ్చిపోతోంది.

వేరే దీపాలు కావాలి. ఉరుకుందు మామకు చెప్పాను. టర్బైన్ ఆయన చేతిలో ఉంది, సొరంగంలో ఆఖరి మాట కూడా ఆయనదే. "ఏమేం ఉండాయో సూడు. ఏది పనికొస్తే అది తీసుకో" అన్నాడు. చచ్చినవాణ్ణి బయట ఎండిన కాలువలో పడేశారని, వాడి కడుపు వీపుకంటి ఉందని అన్న చెప్పాడు.

2

రోడ్డు స్తంభం మీద ఉండే పసుపు దీపం ఒకటి స్టోరులో దొరికింది. సోడియం దీపం, గుమ్మడికాయంత ఉంది. మొదటి తొట్టి మీద వేలాడదీశాను. వెలుగు అడుగుదాకా దిగింది. సంతోషపడి, రాత్రనక పగలనక వెలగనిచ్చాను, ఆకలిగొన్న మొక్కలు త్వరగా తేరుకుంటాయని.

తేరుకున్నది పాచి. మొదట గాజు మీద మసకగా పట్టింది. తర్వాత ఆకుల మీద ఆకుపచ్చ ఉన్నిలా అల్లుకుంది. ఆ తర్వాత నీళ్ళే పచ్చరసంలా మారి లోపల ఏముందో కనపడకుండా పోయింది. దీపం వేడికి నీళ్ళు గోరువెచ్చగా అయ్యాయి. కరెంటు ఆగిన ఒక పూట ఆ పాచే నీళ్ళలో ఉన్న గాలంతా పీల్చేసింది. తెల్లారి చూసేసరికి పక్క తొట్లో చేపలు సగానికి పైగా పొట్టలు పైకి తిప్పి తేలుతున్నాయి.

చచ్చిన చేపలను జనం కొట్టుకుని తీసుకుపోయారు. బజారప్ప అనే అతను ఒక ముసలామె చేతిలోంచి చేపను గుంజుకున్నాడు. ఆమె వదల్లేదు. అతను ఆమె చేతి మీద కాలు వేసి తొక్కాడు. వేళ్ళు విరిగిన చప్పుడు తొట్ల గది అంతా వినపడింది. నేను బక్కెట్టుతో అతని తల మీద కొట్టాను. పడిపోయాక కూడా మళ్ళీ కొట్టాను. అన్న వచ్చి నన్ను వెనక్కు లాగాడు.

మూడో తొట్టి మీద గేటు దీపం ఒకదాన్ని పరీక్షకు పెట్టాను. గేటు దగ్గర ఆరు ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి. పాలలా తెల్లటి వెలుగు, వేడి తక్కువ. దగ్గరగా పెడితే పాచి వస్తుందని, గొలుసుతో పైకి లాగి, నా తల కంటే ఎత్తున కట్టాను. రోజుకు ఎనిమిది గంటలే వేసి, మిగతా సేపు పూర్తిగా చీకటి ఉంచాను.

ఈ ఉదయం హైడ్రిల్లా చిగుర్లు పొట్టిగా, దగ్గర దగ్గరగా వచ్చాయి. ఆకుల అంచుల నుంచి సన్నటి బుడగలు వరసగా పైకి లేస్తున్నాయి. గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాను.

నాకు అలాంటివి నాలుగు కావాలి.

3

టర్బైన్ హాల్లో అందరూ కూడారు. గేటు తరఫున అన్న, అతని భార్య తిక్కమ్మ నిలబడ్డారు. వదిన కూడా గేటు కాపలాదారే. బరిసె పట్టిందంటే మగవాళ్ళు పక్కకు తప్పుకుంటారు.

"దీపాలు ఇయ్యను," అన్నాడు అన్న. "బయటోళ్ళు ఇన్నేండ్లు చీకట్లో బతికినోళ్ళు. ఆ తెల్ల వెలుగు కండ్లల్ల పడితే వాళ్ళు నిలబడలేరు. మేం నల్లద్దాలు పెట్టుకోని పొడుస్తాం. దీపం లేకుంటే వాళ్ళు ఎక్కువ, మేం తక్కువ. అంతే."

"చేపలు లేకుంటే గేటు కాసేదానికి మనుషులే ఉండరన్నా," అన్నాను.

బజారప్ప తలకు గుడ్డ కట్టుకుని ముందుకొచ్చాడు. "నా బిడ్డ నిన్నట్నించి ఏం తినలే. మీకు దీపాలు కావల్నా?" అంటూ అన్న చొక్కా పట్టుకున్నాడు. అన్న తలతో అతని ముక్కు మీద గుద్దాడు. అక్కడితో అందరూ కలబడ్డారు. ఎవరో స్పానర్‌తో ఒక కాపలాదారు దవడ పగలగొట్టారు. వదిన బరిసె మొదలుతో ఇద్దరిని కింద పడేసింది. ఉరుకుందు మామ సైరన్ మోగించి, చెవులు చిల్లులు పడేదాకా ఆపలేదు.

నేల మీద పళ్ళు, నెత్తురు, చెప్పులు. ఆ మధ్యలో నిలబడి నేను ఒక మాట చెప్పాను. మొక్కలకు రోజంతా వెలుగు అక్కర్లేదు. వాటికి చీకటి కూడా కావాలి. పొద్దుటి సైరన్ నుంచి సాయంత్రం సైరన్ దాకా నాలుగు దీపాలు నాకిస్తే, మిగతా సేపు గేటుకే ఉంచవచ్చు. చక్రాల బండి మీద బిగిస్తే అటూ ఇటూ తోసుకోవచ్చు.

"పగలు పైన కొంచెమన్నా మసక వెలుతురు ఉంటాది గదా," అన్నాడు ఉరుకుందు మామ. "రెండు దీపాల్తో కాసుకోరా మద్దిలేటీ."

అన్న నేల మీద ఉమ్మి, నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి ఉదయం బండిని తనే తోసుకొచ్చాడు.

4

తొట్లు తేరుకున్నాయి. కుళ్ళినదంతా కత్తిరించి పారేశాను. రిబ్బన్ మొక్క కొత్త పిలకలు వేసింది. నీళ్ళు తేటపడ్డాయి. పొద్దున చేపలు పైకి రావడం లేదు. కొన్ని గుడ్లు కూడా పెట్టాయి.

అన్న రోజూ బండితో వస్తాడు, రోజూ ఒకటే అడుగుతాడు.

"వేళ మార్సల్ల సుంకులూ. ఒకనాడు పొద్దున, ఒకనాడు మాపటేళ. గేటుకు ఎదురు గుట్ట మీద ఎవడో కూర్చోని మన వేళ కనిపెడ్తాండాడు. వాని మంట పొగ సూసినా."

"మార్చితే మొక్కలు గందరగోళం అవుతాయన్నా. ఒకే వేళకు వెలుగు, ఒకే వేళకు చీకటి పడల్ల. వేళ తప్పితే లాభపడేది పాచే. మొన్న ఏమైందో సూస్తివి గదా."

"పాచిని గీకచ్చు. నా మనుషులను గీకి మళ్ళీ అంటిస్తావా?"

"కొన్నాళ్ళు ఆగు. మొక్కలు గట్టిపడినాంక మార్స్తా."

ఉరుకుందు మామ నా వైపే మాట్లాడాడు. చేపల గుడ్లు చూశాక ఆయనకు ఇంకేమీ వినపడలేదు. అన్న మళ్ళీ అడగలేదు. గేటు దగ్గర రాళ్ళ గోడ ఒకటి పేర్చడం మొదలుపెట్టాడని వదిన చెప్పింది.

5

ఇది రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

దీపాలు తొట్ల మీద వెలుగుతున్నాయి. నేను గాజు తుడుస్తున్నాను. గేటు వైపు నుంచి ఇనుము నేలకు పడ్డ చప్పుడు వచ్చింది. తర్వాత అన్న గొంతు. పేర్లు పిలుస్తున్నాడు, ఎవరెక్కడ నిలబడాలో చెబుతున్నాడు. ఆ తర్వాత గొంతులన్నీ కలిసిపోయాయి.

ప్లగ్గులు పీకి బండిని సొరంగంలోకి తోశాను. ఒక్కదాన్నే. చక్రం గాడిలో పడితే భుజంతో ఎత్తి తోశాను. దారిలో ఎదురొచ్చినవాళ్ళు నన్ను దాటి లోపలికి పరుగెత్తుతున్నారు. ఒకతనికి చెవి లేదు. బజారప్ప మాత్రం గడ్డపార పట్టుకుని గేటు వైపే పోతున్నాడు. "తోయ్, తోయ్" అని బండికి ఒక చెయ్యి వేసి, తర్వాత ముందుకు ఉరికాడు.

గేటు దగ్గరున్న రెండు దీపాలూ రాళ్ళ దెబ్బలకు పగిలిపోయాయి. బయటి మసక వెలుతురు గేటు లోపలికి రాదు, ఆ చీకట్లో ఏం జరుగుతోందో తెలియడం లేదు. మూలుగులు, తడి చప్పుళ్ళు, ఎవరో ఎవరినో నేలకేసి కొడుతున్నట్టు ఆగకుండా ఒక మోత. గోడ తడుముకుంటూ ప్లగ్గు పెట్టాను.

వెలుగు పడింది.

అన్న రాళ్ళ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పైపెదవి చీలిన ఒకడు అతని భుజం మీద కాలు పెట్టి, మెడలో దిగిన గొడ్డలిని ఊపి ఊపి లాగుతున్నాడు. వెలుగుకు వాడు ముఖం తిప్పి కళ్ళు మూసుకున్నాడు. గొడ్డలి ఊడింది. దాంతోపాటు అన్న తల ఒక పక్కకు ఒరిగింది, నిద్రలో ఒరిగినట్టు. వాడు గొడ్డలి ఊపుకుంటూ, గోడలకు కొట్టుకుంటూ బయటికి పారిపోయాడు. మిగతావాళ్ళూ అంతే, చేతులతో కళ్ళు కప్పుకుని ఒకరి మీద ఒకరు పడుతూ పోయారు. వదిన వెంటబడి ఇద్దరి వీపుల్లో పొడిచింది.

మావాళ్ళు ఐదుగురు పోయారు. బజారప్ప అందులో ఒకడు. గడ్డపార ఇంకా చేతిలోనే ఉంది, వేళ్ళు విడదీయడం కష్టమైంది.

అన్న మెడ మీద చెయ్యి పెట్టి గాయాన్ని మూయడానికి చూశాను. అంత వెడల్పుకు నా రెండు చేతులూ చాలలేదు.

6

తిక్కమ్మ వదిన తొట్ల గదికి వచ్చింది. ముఖం కడుక్కోలేదు. నన్ను చూడలేదు. బరిసె రెండు చేతులా పట్టుకుని మూడో తొట్టి గాజు మీద పొడిచింది. మొదటి దెబ్బకు పగుళ్ళు పాకాయి. రెండో దెబ్బకు గాజంతా ఊడి నీళ్ళు మా మోకాళ్ళను కొట్టుకుంటూ గది నిండా పారాయి. హైడ్రిల్లా నా కాళ్ళకు చుట్టుకుంది.

"ఇవేనా?" అంది. "వీటి వేళ తప్పగూడదనేనా?"

"వదినా..."

"ఆయప్ప ఎన్నిసార్లు అడిగె నిన్ను. రోజూ వచ్చి నాకు చెప్తాండె. నా చెల్లెలు మొండిది, రేపు మళ్ళీ అడుగుతా అని. ఆయప్పను నీ మొక్కలు తిన్యాయి."

ఆమె రెండో తొట్టి వైపు తిరిగింది. నేను అడ్డం నిలబడ్డాను. బరిసె మొన నా గొంతుకు ఆనింది, చర్మం తెగింది.

"పొడువు," అన్నాను. "నన్ను పొడిచినా సరే, తొట్టి పగలగొట్టద్దు. పిల్లలు తింటాండారు దీంట్లోంచి."

చాలాసేపటికి బరిసె దించింది. గాజు పెంకుల మధ్య కూర్చుని ఏడ్చింది. ఆమె చుట్టూ నేను బక్కెట్లలోకి మొక్కలు ఏరాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. కాసేపటికి ఆమె కూడా తన కాళ్ళ దగ్గరున్న కాడలను ఏరి నా బక్కెట్లో వేసింది.

"మళ్ళీ వస్తారు," అంది. "రెండు దీపాలు పోయినాయని వాళ్ళకు తెలుసు. నీ వేళ కూడా తెలుసు."

"తెలిసినట్టే ఉండనిద్దాం వదినా," అన్నాను.

ఆమె తలెత్తింది.

ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా అలాంటిది నాలో ఉందని నాకు తెలియదు. పొద్దుటి సైరన్‌కు ఎప్పటిలాగే గేటు దగ్గర దీపాలు ఆర్పుదాం. ఖాళీ బండిని చప్పుడు చేస్తూ లోపలికి తోద్దాం. దీపాలు మాత్రం అక్కడే ఉంచి, గాజు మెరవకుండా తడి గోనెలు కప్పుదాం. వాళ్ళను లోపలికి రానిద్దాం.

"మరి నీ మొక్కలు?"

"మూడు నాలుగు దినాలు చీకటి ఓర్చుకుంటాయి. చేపలకు గాలి కోసం నీళ్ళు బక్కెట్లతో ఎత్తి పోయిస్తా. పాచికే ఓర్పు ఉండదు. ఒక రకంగా తొట్లకు మంచిదే."

వదిన నన్ను వింతగా చూసింది. ఉరుకుందు మామ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆయన విన్నాడు. "సరే. కానీ లోపలి సంగతి తెలిసినోడు ఒక్కడు కూడా బయటికి పోగూడదు," అన్నాడు. "ఒక్కడు కూడా."

7

మొదటి రోజు రాలేదు. రెండో రోజూ రాలేదు. ఆ మరునాడు వచ్చారు.

స్విచ్ దగ్గర నేనే ఉన్నాను. నాకూ నల్లద్దాలు ఇచ్చారు. వదిన రాళ్ళ గోడ వెనక, అన్న నిలబడే చోట నిలబడింది. ఉత్త కాళ్ళతో నడిచే చప్పుడు, గులకరాళ్ళ మీద. ఎవరో దగ్గు ఆపుకున్నారు. ఒక్కొక్కరే మమ్మల్ని దాటి లోపలికి పోతుంటే వాళ్ళ వాసన తెలిసింది, పొగ వాసన, ఉడకబెట్టిన తోలు వాసన. ముప్పై మంది దాకా ఉంటారు. ఆఖరివాడు లోపలికి వచ్చాక వదిన ఇనుప చువ్వ మీద ఒకసారి కొట్టింది.

గోనెలు లాగారు. స్విచ్ వేశాను.

వాళ్ళంతా ఒక్కసారిగా అరిచారు. ఆయుధాలు వదిలేసి ముఖాలు కప్పుకున్నారు. మావాళ్ళు రెండు వైపుల నుంచీ మీద పడ్డారు. నల్లద్దాల్లోంచి నెత్తురు తారులా కనిపించింది. గోడ మీద, దీపం గాజు మీద, నా చేతి మీద వెచ్చగా పడింది. వాళ్ళు ఎటు పారిపోవాలో తెలియక బరిసెల మీదికే పరుగెత్తారు. ఒకామె వదిన ముంజేతిని కొరికి పట్టుకుని, చచ్చాక కూడా వదల్లేదు. పళ్ళ మధ్య కత్తి పెట్టి విడదీశారు. చేతులెత్తి కూర్చున్నవాళ్ళను కూడా చంపారు. ఇది యుద్ధమని అనలేను. నేను స్విచ్ మీంచి చెయ్యి తీయలేదు, తీస్తే ఆరిపోతుందేమో అన్నట్టు.

చివరికి ఒకడు మిగిలాడు. తొడలో బరిసె దిగి, గోడకు చేరగిలపడ్డాడు. పైపెదవి చీలి ఉంది.

వదిన అతన్ని గుర్తుపట్టలేదు, ఆ రోజు ఆమె అటు తిరిగి ఉంది. ఆ గొడ్డలివాడు ఇతనేనని నేను చెప్పాను. ఆమె బరిసె నా చేతికిచ్చింది.

"నువ్వే చూసినావు. నువ్వే చెయ్యి."

అతను కళ్ళు తెరిచే ఉన్నాడు గానీ, అవి ఎక్కడా నిలవడం లేదు. నా అడుగుల చప్పుడు విని తల తిప్పాడు.

"నీళ్ళు," అన్నాడు.

గోనెలు తడపడానికి తొట్లోంచి తెచ్చిన బక్కెట్టు పక్కనే ఉంది. ముంత ముంచి పెదవులకు ఆనించాను. ఎందుకు ఆనించానో తెలియదు. గడగడా తాగాడు. తర్వాత ఆగి వాసన చూశాడు.

"పచ్చి వాసనొస్తాంది. యాడివి ఈ నీళ్ళు?"

"మొక్కల తొట్టివి."

"మీరు పొద్దున దీపాలు తీసేస్తాంటే, కరెంటు అయిపోతాందనుకున్న్యాం," అన్నాడు. మా మాటే మాట్లాడుతున్నాడు. మా పక్క ఊరి యాసే. "అందుకే వస్తిమి. కరెంటు పోతే మీరు కూడా మా మాదిరే గదా అని."

"కరెంటు ఉంది. దీపాలు మొక్కలకు పెడ్తాండాం."

"మొక్కలకా?" ముంత కోసం తడిమి మళ్ళీ వాసన చూశాడు. "నిజంగా పచ్చగా ఉంటాయా?"

"ఉంటాయి."

"ఒకసారి చూపిస్తావా?" అన్నాడు, ఆ చూపులేని కళ్ళతో.

వెనక వదిన కదిలిన చప్పుడు వినిపించింది. ఇంకొక మాట అతని నోటి నుంచి వస్తే నావల్ల కాదని తెలిసింది. పొడిచాను. మొదటి పోటు పక్కటెముకకు తగిలి జారింది. అతను నా బరిసెను రెండు చేతులా పట్టుకున్నాడు, దూరంగా నెట్టడానికి కాదు, పట్టు కోసం. రెండోసారి నా బరువంతా వేసి నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. వదిన వచ్చి నా వేళ్ళు విడిపించింది.

అన్న పేరు మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

శవాలను కాలువకు లాగడానికి సాయంత్రం దాకా పడుతుందని ఎవరో అన్నారు. నేను దీపాలను గుడ్డతో తుడిచి బండికి బిగించాను. తొట్లు మూడు రోజులుగా చీకట్లో ఉన్నాయి. బండి తోస్తే చక్రాలు నేల మీద పట్టు దొరక్క జారాయి. వదిన రెండో వైపు వచ్చి కడ్డీ పట్టుకుంది. ఇద్దరం తోశాం. మధ్యలో చక్రానికి ఒక చెయ్యి అడ్డం పడితే ఆమె వంగి దాన్ని పక్కకు పెట్టింది. మళ్ళీ తోశాం.

తొట్ల మీద దీపాలు పైకి లాగి వెలిగించాను. గాజు మీది పాచి బూడిదరంగుకు తిరిగి రాలిపోయి ఉంది. హైడ్రిల్లా కొంచెం పాలిపోయింది గానీ బతికే ఉంది. బుడగలు ఇంకా రాలేదు. వాటికి కొంత సమయం పడుతుంది.

"ఎంతసేపు వెయ్యల్ల?" అని అడిగింది వదిన.

"ఇప్పుడు నాలుగు గంటలు. తర్వాత ఆర్పి, దీపాలు గేటుకు పంపి, మళ్ళీ ఇంకొక నాలుగు. రోజూ ఒకే వేళకు కాదు. అట్లయినా బతుకుతాయేమో సూద్దాం."

ముందే అలా చేసి చూసి ఉండవచ్చు కదా అని ఆమె అనలేదు. పంటికాటు పడిన చేతికి పైట కొంగు చుట్టుకుని, తొట్టి ముందు గోడకానుకుని కూర్చుంది.

"అయితే నాలుగు గంటలు కూర్చుంటా," అంది. "నువ్వు పోయి కడుక్కో సుంకులూ."

నేను కడుక్కోలేదు. ఆమె పక్కనే కూర్చున్నాను. వెలుగు నీళ్ళలోంచి కదులుతూ మా ముఖాల మీద, మా చేతుల మీద పడుతోంది. చాలాసేపటికి ఒక ఆకు అంచున బుడగ కట్టింది. పైకి లేచేదాకా వదిన దాన్నే చూసింది.